చెవుడా? చాదస్తమా?

ఈ యేటి సంచికకు ఒక సైన్సు వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు కాస్త వెనకాడాను. సంచికల్లో సైన్సు వ్యాసాలకు పట్టే గతి నాకు తెలియనిది కాదు. ముందు అందరూ ఫోటోలు చూస్తారు, తర్వాత కవితలు చదువుతారు, కథల్లో ఎవరి ప్రేమ ఎవరి మీదో వెదుక్కుంటారు. సైన్సు వ్యాసం ఉన్న పేజీ హాస్టల్లో బఠాణీలు పోసుకోవడానికి పనికొస్తుంది. అయినా ఒప్పుకున్నాను. నేను చెప్పదలచుకున్నది ప్రయోగశాల సంగతి కన్నా ముందు మన ఇళ్ళల్లోని సంగతి కనుక.

సంగతి ఇదీ. ఇంట్లో డెబ్భై దాటిన మనిషి ఉంటారు. పిలిస్తే ఒకసారి పలుకుతారు, ఒకసారి పలకరు. పలికినా, మనం అడిగింది ఒకటి, వారు చెప్పేది ఇంకొకటి. ఇటువంటప్పుడు మన ఇళ్ళల్లో రెండు తీర్పులు తయారుగా ఉంటాయి. ఒకటి చెవుడు, రెండోది చాదస్తం. సాక్షులు అక్కరలేదు, వాయిదాలు అక్కరలేదు. మొదటి తీర్పుకు శిక్ష, ఆ మనిషి చెవి దగ్గర నోరు పెట్టి అరవడం. రెండో తీర్పుకు శిక్ష, ఆ మనిషితో మాట్లాడటమే మానుకోవడం. అసలు నిజం తరచుగా ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉంటుందనీ, ఆ నడుమ చోటును గూర్చి నేటి శాస్త్రానికి కొంత తెలుసుననీ, ఆ తెలిసిన కొంచెమైనా మన ఇళ్ళకూ ఆస్పత్రులకూ ఇంకా చేరలేదనీ నా వాదన.

నేను వైద్య విద్యార్థిని కాను. భౌతికశాస్త్రం వాణ్ణి. ధ్వనిని గూర్చి మా పాఠం చాలా సులువు. గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు అలలుగా వచ్చి కర్ణభేరిని తాకుతాయి, దాంతో పాఠం సమాప్తం. పరీక్షకు అంత చాలు. కాని వినడమనేది మొదలయ్యేదే అక్కడ! కర్ణభేరి వెనక మూడు చిన్న ఎముకలు, వాటి వెనక నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియా, దానిలో సుమారు 15,000 రోమకణాలు. కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పని వాటిది. సుమారు 30,000 పోగులున్న శ్రవణనాడి ఆ సంకేతాన్ని మెదడు అడుగుభాగానికి చేరవేస్తే, అక్కడినుంచి అది మెట్టుమెట్టుగా పైకెక్కి, కణతల లోపలివైపు ఉన్న శ్రవణ కేంద్రాలకు చేరుతుంది. రోమకణాలు చచ్చిపోతే మళ్ళీ మొలవవు. వయసుతో ముందుగా పోయేవి కీచు స్వరాలను పట్టే కణాలు.

ఇక్కడ ఒక చిన్న విషయం మన భాషకు బాగా వర్తిస్తుంది. మాటలో అచ్చులు బలమైనవి, లోతైనవి. క, త, ప, చ, స వంటి హల్లుల బలమంతా కీచు భాగంలో ఉంటుంది, అదీ కొద్దిపాటి బలమే. కనుక చెవి తగ్గిన పెద్దాయనకు మన మాట వినబడుతుంది, కాని పప్పా, కప్పా, తప్పా అన్నది తెలియదు. "పప్పు కావాలా" అంటే "ఎవరిది తప్పు?" అంటాడు. అందరూ నవ్వుతారు. అరిచి చెబితే అచ్చులు ఇంకా పెద్దవవుతాయేగాని హల్లులు తేటపడవు. పైపెచ్చు, అరిచే మొహం కోపపు మొహంలా ఉంటుంది. మనం కేకలు వేసిన కొద్దీ ఆయన మరింత ముడుచుకుపోవడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

ఇంతవరకూ చెవి సంగతి. ఇక మెదడు.

పెళ్ళి పందిట్లో కూర్చున్నామనుకోండి. ఒక పక్క సన్నాయి, డోలు, ఇంకో పక్క పురోహితుడి మైకు, వెనక వరసలో పిల్లల ఏడుపు, వంటశాలలో గిన్నెల చప్పుడు. ఇన్నింటి మధ్య పక్కనున్న మేనత్త చెప్పే కబురు మనకు వినబడుతూనే ఉంటుంది. అవతల ఎవరో మన పేరు తలచినా టక్కున తల తిప్పుతాము. గాలి మాత్రం ఈ ధ్వనులన్నిటినీ కలగాపులగం చేసి ఒకే అలగా మన చెవికి తెచ్చింది. దాన్ని మళ్ళీ విడదీసి, ఇది సన్నాయి, ఇది మేనత్త గొంతు అని వేరు చేసినదెవరు? చెవి కాదు, మెదడు. బ్రిటన్‌కు చెందిన కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త 1953లో దీనిమీద ప్రయోగాలు ప్రకటించాడు. వినేవాడి రెండు చెవులకూ రెండు వేరువేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని పట్టుకొని రెండోదాన్ని వదిలెయ్యడం మనిషి ఎట్లా చేస్తాడో చూశాడు. ఆయన దానికి విందులో పదిమంది మాట్లాడుకునే ఉదాహరణ ఇచ్చాడు. మన పెళ్ళి పందిరి అంతకంటే కఠినమైన పరీక్ష అని నా అభిప్రాయం.

ఈ విడదీసే పని మెదడులో ఏ ఒక్క గదిలోనో జరిగేది కాదు. శ్రవణ కేంద్రం ధ్వనిని అందుకుంటుంది. ఆ గొంతు ఎవరిదో జ్ఞాపకం చెప్పాలి, ఆ మాటకు అర్థమేమిటో భాష చెప్పాలి, ఏది వినాలో ఏది వదలాలో ముందు నుదుటి వైపు భాగాలు నిర్ణయించాలి. ఇవన్నీ ఒకదానితో ఒకటి ఎడతెగకుండా కబుర్లాడుకుంటూ ఉండాలి. మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని 2009లో ఒక బ్రెజిల్ శాస్త్రవేత్త లెక్క తేల్చింది. కణాల సంఖ్య కన్నా వాటిని కలిపే దారులే ముఖ్యమని ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఎక్కువగా చెబుతున్నారు.

రైలుబండి ఎక్కే మనకు ఇది తేలికగా అర్థమయ్యే సంగతి. పల్లెటూరి హాల్టు స్టేషను మూతపడితే ఆ ఊరివాళ్ళకే ఇబ్బంది. బెజవాడ జంక్షను ఒక్క పూట ఆగిందంటే మద్రాసు పోయే బండి, విశాఖ మీదుగా హౌరా పోయే బండి, కాజీపేట వైపు పోయే బండి, మచిలీపట్నం బండి అన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోతాయి. పట్టాలు బాగానే ఉంటాయి, ఇంజను బాగానే ఉంటుంది, డ్రైవరూ ఉంటాడు, బండి మాత్రం కదలదు. మెదడులోనూ ఇటువంటి జంక్షన్లున్నాయి. 1990లో సేజీ ఒగావా బృందం చూపిన ఎఫ్.ఎం.ఆర్.ఐ. పద్ధతి వల్ల, పుర్రె తెరవకుండానే, రక్తంలోని ప్రాణవాయువు మార్పులను బట్టి ఏ భాగాలు కలిసి పనిచేస్తున్నాయో చూడటం సాధ్యమైంది. మనిషి ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా కొన్ని భాగాలు ఒక జట్టుగా పనిచేస్తూనే ఉంటాయని అమెరికాలో మార్కస్ రైకెల్ 2001లో వివరించి, దానికి డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టాడు. పాత సంగతులు నెమరువేసుకోవడం, రేపటిని ఊహించుకోవడం, "నేను" అనే భావన - వీటికి ఈ జట్టుతో సంబంధముంది. దీని పెద్ద జంక్షన్లలో ఒకటి మెదడు వెనకవైపు నట్టనడుమ ఉంది.

అల్జీమర్స్ వ్యాధి తొలిరోజుల్లోనే దెబ్బకొట్టే చోట్లలో ఇదొకటి. ఈ వ్యాధి కథ చాలామందికి తెలిసిందే. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో 1901లో ఆగస్టె డెటర్ అనే యాభై ఒక్క ఏళ్ళ స్త్రీని అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు పరీక్షించాడు. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, కణాల బయట గడ్డకట్టిన పేరుకుడునూ కణాల లోపల చిక్కుపడిన పోగులనూ వర్ణించాడు. బయటి పేరుకుడు అమిలాయిడ్, లోపలి చిక్కులు టౌ అనే ప్రోటీన్లవని తర్వాత తేలింది. ఆ అమిలాయిడ్ ముందుగా పేరుకునే చోట్లూ, రైకెల్ చెప్పిన జట్టు ఉన్న చోట్లూ చాలావరకు ఒకటే కావడం ఈ ఇరవై ఏళ్ళలో బయటపడిన సంగతి. ఈ జట్టు సభ్యుల మధ్య పొత్తు అల్జీమర్స్ రోగుల్లో సడలిపోతుందని 2004లో స్టాన్‌ఫర్డ్ నుంచి గ్రీసియస్ బృందం చూపింది.

ఇప్పుడు ఈ రెండు కథలనూ కలపండి. మొదటి శ్రవణ కేంద్రం అల్జీమర్స్‌లో చాలాకాలం వరకు పెద్దగా చెడదు. అంటే హాల్టు స్టేషను బాగానే ఉంది. చెవి డాక్టరు గదిలో కీచుమనే స్వరం వినిపిస్తే రోగి తన వయసువాళ్ళందరి మాదిరిగానే చెయ్యి ఎత్తవచ్చు. కాని నలుగురు మాట్లాడే చోట ఒక గొంతును విడదీసి పట్టుకోలేడు. ఆ పనికి జంక్షన్లు కావాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో జేసన్ వారెన్ బృందం 2015లో ఇటువంటి రోగులను స్కానరులో పడుకోబెట్టి, రొదలో వాళ్ళ పేరునే వినిపించి చూసింది. కణత భాగమూ నడినెత్తి భాగమూ కలిసే చోట వాళ్ళ మెదడు స్పందన ఆరోగ్యవంతుల స్పందనకు భిన్నంగా ఉంది. పెళ్ళి పందిట్లో మనం ఇట్టే పట్టుకునే మన పేరు!

డిమెన్షియా అంటే అల్జీమర్స్ ఒక్కటే కాదని కూడా ఇక్కడ చెప్పాలి. మన నిఘంటువుల్లో చిత్తవైకల్యమనే మాట ఉంది గాని, ఆ మాట వింటే పిచ్చి అనిపిస్తుంది, అందుచేత డిమెన్షియా అనే అంటున్నాను. దానిలో ఒక రకం, కణతల ముందుభాగం క్షీణించి పదాల అర్థాలు పోయేది. ఆ మనిషికి కుక్కరు విజిలు వినబడుతుంది, అది కుక్కరు విజిలని తెలియదు. గుడిగంట మోగితే తల తిప్పుతాడు, అది గుడిగంట అని చెప్పలేడు. ఈ రకం రోగుల్లో కొందరికి ఉన్నట్టుండి సంగీతం మీద విపరీతమైన మోజు పుడుతుంది, కొందరు మామూలు చప్పుళ్ళను భరించలేరు. ఇటువంటి మనిషిని చెవిటివాడనడం ఎంత అన్యాయమో చూడండి. చెవి ఒక్కటే చక్కగా పనిచేస్తోంది పాపం!

మా నాయనమ్మ సంగతి చెబితే గాని ఇదంతా నాకెందుకు పట్టిందో తెలియదు. ఆమె చదువుకోలేదు, వేలిముద్ర మనిషి. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు మంగళహారతి ఆమె పాడాల్సిందే. డెబ్భై అయిదో ఏట నుంచి అడిగిందొకటి చెప్పిందొకటి మొదలైంది. ఇంట్లో టీవీ సీరియలు, నెత్తిన ఫ్యాను, వంటింట్లో మిక్సీ, వచ్చేపోయేవాళ్ళు. "నాయనమ్మా, భోంచేశావా?" అంటే "వాడు రేపొస్తాడులే" అనేది. పట్నంలో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకువెళ్ళారు. వరండా నిండా జనం, టోకెన్ నంబర్లు పిలిచే మైకు, తలుపు లేని గది. డాక్టరుగారు మాస్కు వెనకనుంచి మూడు మాటలు చెప్పి, తిరిగి చెప్పమన్నారు. ఆమె ఆయన కళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఐదు నిమిషాల్లో పరీక్ష అయిపోయింది. చీటీలో వ్యాధి ముదిరిందని వ్రాశారు. చెవి పరీక్ష ఎవరూ అడగలేదు, ఎవరూ చెయ్యలేదు.

ఆ చీటీ వచ్చాక ఏడాది పాటు ఆమెతో ఎవరూ ఏ విషయమూ మాట్లాడలేదు. ఆమె పేర ఉన్న అరెకరం అమ్మేటప్పుడు కూడా ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, వేలు మాత్రం అడిగారు. మా ఇంట్లో అప్పట్లో ఒక వేళాకోళం ఉండేది: కరెంటు పోతే నాయనమ్మకు తెలివొస్తుందని. నిజంగా వచ్చేది! వేసవి రాత్రి కరెంటు పోయి, ఫ్యానూ టీవీ ఫ్రిజ్జూ అన్నీ ఒక్కసారి ఊరుకుంటే, నులకమంచం మీద నుంచి "ఏరా, పరీక్షలెప్పుడు?" అని అడిగేది. "వచ్చే నెల" అంటే "మరి పుస్తకం తియ్యవేం" అనేది. కరెంటు వస్తే మళ్ళీ మామూలే. వేళాకోళం చేసిన వాళ్ళెవరూ ఇది ఎందుకు జరుగుతోందని ఆలోచించలేదు. వ్యాధి కరెంటును బట్టి వచ్చీ పోయీ ఉండదు కదా. పోయింది రొద. రొద పోతే, విడదీసే పని తప్పి, మిగిలిన కాస్త శక్తీ అర్థం చేసుకోవడానికి పనికొచ్చింది.

తర్వాత వేరే ఊళ్ళో ఒక డాక్టరమ్మ ముందు చెవి చూపించుకు రమ్మంది. రెండు చెవులూ మధ్యరకంగా తగ్గాయి. మిషను పెట్టించి, తలుపు మూసిన గదిలో, ఎదురుగా కూర్చుని, మాస్కు తీసి, మెల్లగా అడిగితే మార్కులు పెరిగాయి. పూర్తిగా మామూలు మనిషి అయిపోయిందని చెప్పను. మతిమరుపు ఉన్న మాట నిజమే, ఆ తర్వాతి సంవత్సరాల్లో పెరిగింది కూడా. కాని మొదటి చీటీలో వ్రాసినంత ఆనాడు లేదు. ఆమె మాట్లాడగలిగిన ఒక సంవత్సరాన్ని ఆమె దగ్గరనుంచి లాక్కున్నారు. చివరి రోజుల్లో నా పేరు మరిచిపోయింది గాని, హారతి పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. చిరకాలంగా ఎరిగిన పాటల జ్ఞాపకానికి సంబంధించిన మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటికన్నా ఆలస్యంగా దెబ్బతింటాయని జర్మనీలో లైప్‌జిగ్ పరిశోధకులు 2015లో చూపారట. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

మతిమరుపును కొలిచే పరీక్షలు చాలావరకు చెవి మీద ఆధారపడ్డవే. 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులూ మెక్‌హ్యూ కలిసి తయారుచేసిన పరీక్ష ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మూడు మాటలు విని చెప్పడం, కాసేపాగి మళ్ళీ చెప్పడం అందులో ఒక భాగం. విననివాడు ఎట్లా చెబుతాడు? చెప్పలేకపోతే మార్కు పోయేది జ్ఞాపకశక్తి ఖాతాలో! మన పక్షాన ఒక మంచి సంగతి కూడా ఉంది. భారత వైద్య పరిశోధనా మండలి తయారు చేయించిన పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళాలతో పాటు తెలుగులోనూ ఉంది. భాష అడ్డు తొలగించడానికి అంత శ్రమపడ్డవాళ్ళు ఉన్న దేశంలో, గది తలుపు వెయ్యడానికి ఎవరికీ తీరిక లేకపోవడం విచిత్రం.

చెవికీ మెదడుకూ మధ్య సంబంధం ఇంకో దిక్కునుంచి కూడా నడుస్తుంది. చెవి తగ్గినవాళ్ళకు తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఫ్రాంక్ లిన్ బృందం 639 మందిని పన్నెండేళ్ళ దాకా గమనించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో, చెవి కొద్దిగా తగ్గినవాళ్ళకు సుమారు రెండు రెట్లు, మధ్యరకంగా తగ్గితే మూడు రెట్లు, బాగా తగ్గితే దాదాపు అయిదు రెట్లు ప్రమాదం కనబడింది. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో, మార్చుకోగలిగిన కారణాలు పద్నాలుగు లెక్కపెట్టింది. వాటన్నిటినీ తొలగించగలిగితే నూటికి 45 కేసులు రాకుండానో ఆలస్యంగానో చెయ్యవచ్చని అంచనా. చెవి తగ్గడానికి అందులో నూటికి 7 వంతు వేశారు. ఎందుకిలా జరుగుతుందన్నదానికి ఒక్క జవాబు లేదు. సగం విన్న మాటను పూరించుకోవడానికే మెదడు శక్తి ఖర్చయిపోతుందని కొందరు, వినబడక మనిషి ఒంటరి కావడం వల్లనని కొందరు, రక్తనాళాల జబ్బు రెండిటికీ మూలమని కొందరు. అన్నీ కొంత కొంత నిజమే కావచ్చు.

మరి మిషను పెడితే డిమెన్షియా ఆగుతుందా? ఆగుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. శాస్త్రం అంత దూరం పోలేదు. 2023లో వెలువడిన అచీవ్ అనే అమెరికా ప్రయోగంలో 70 నుంచి 84 ఏళ్ళ మధ్య వయసువాళ్ళు 977 మంది పాల్గొన్నారు. మూడేళ్ళ తర్వాత మొత్తం మీద చూస్తే మిషను పెట్టినవాళ్ళకూ పెట్టనివాళ్ళకూ తేడా తేలలేదు. ప్రమాదం ఎక్కువగా ఉన్న ఒక వర్గంలో మాత్రం మిషను పెట్టినవాళ్ళలో తెలివి తగ్గే వేగం 48 శాతం తక్కువగా కనిపించింది. నేను మిషను పెట్టించమనేది ఈ 48 శాతాన్ని చూసి కాదు. వినడం మనిషి హక్కు, డిమెన్షియా ఆగినా ఆగకపోయినా.

మన దగ్గర జరిగిన పనిని చెప్పకపోతే తప్పవుతుంది. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడిగారూ సహచరులూ 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు, ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా వ్యాధి బయటపడింది. బడి మొహం చూడనివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగూ, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషూ వీధిలోనే కలిసిపోయే హైదరాబాదు కాకపోతే ఈ పరిశోధన ఇంత చక్కగా కుదిరేది కాదు. ఈ ఫలితాన్ని ఒప్పుకోని పరిశోధనలు ఇతర దేశాల్లో ఉన్నాయి, ఆ వివాదం ముగియలేదు. నాకు తోచే అర్థం ఏమంటే, రెండు భాషలు వచ్చినంత మాత్రాన వ్యాధి రాకుండా పోదు, చుట్టుదారులు ఎక్కువ ఉంటే జంక్షను దెబ్బతిన్నా బండి కొంతకాలం పోతుంది. ఆ దారులు వినడంతో, మాట్లాడటంతో ఏర్పడినవి. ముసలివాళ్ళతో మాట్లాడటం మానేసినప్పుడు మనం ఏ దారులు మూసేస్తున్నామో ఆలోచించండి.

మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. వీళ్ళలో ఎందరికి ఒక్కసారైనా చెవి చూశారు? కంటికి అద్దాలు పెడితే మనకు పండితుడిలా కనిపిస్తాడు. చెవికి మిషను పెడితే మాత్రం నామోషీ. పెళ్ళిచూపులకు వెళ్ళేటప్పుడు తాతగారి మిషను తీయించిన ఇల్లు నాకు తెలుసు! పేద వృద్ధులకు మిషన్లు, కళ్ళజోళ్ళు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభమైంది. ఆ పేరు మన తరగతిలో ఎంతమంది విన్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది. ఇచ్చిన మిషను కూడా మొదటి నెల గరగరమని విసుగు పుట్టిస్తుంది, బీరువాలోకి చేరుతుంది. పక్కన కూర్చుని నాలుగు వారాలు అలవాటు చేయించే మనిషి కావాలి. సెలవులకు ఇంటికి పోయే మనకంటే అందుకు తగినవాళ్ళు ఎవరున్నారు?

ఇక మన సంగతి. ఏటా మన సంఘం ఆధ్వర్యాన చుట్టుపక్కల పేటలవాళ్ళకు వైద్య శిబిరం పెడుతున్నాము. కళ్ళకు ఒక బల్ల, రక్తపోటుకు ఒక బల్ల, చక్కెరకు ఒక బల్ల. చెవికి బల్ల లేదు. పైగా శిబిరం సాగినంతసేపూ మన మైకు సినిమా పాటలు వినిపిస్తుంది, ఆ పాటల మధ్య డాక్టర్లు ముసలివాళ్ళను "ఏమ్మా, ఏమిటి బాధ?" అని అడగాలి. ఈ ఏడు చెవి పరీక్షకు ఒక బల్ల వెయ్యాలనీ, దాన్ని బయట వెయ్యకుండా మా భౌతికశాస్త్ర విభాగంలో ధ్వని ప్రయోగశాల వెనక గదిలో వెయ్యాలనీ నా ప్రతిపాదన. ఆ గదికి రెండు తలుపులు, మందపాటి పరదాలు ఉన్నాయి, ఫ్యాను ఆపితే గడియారం చప్పుడు వినబడుతుంది. జ్ఞాపకశక్తి పరీక్ష చెయ్యదలచిన డాక్టర్లు కూడా అక్కడే చెయ్యవచ్చు. తాళం మా అటెండరు దగ్గర ఉంటుంది. శిబిరం రోజున వరండా ముందున్న వేపచెట్టుకు మైకు కట్టకుండా ఉంటే చాలు, మిగతాది మేము చూసుకుంటామని మా విభాగం వాళ్ళం పదకొండుమందిమి సంతకాలు చేసి కాగితం కార్యదర్శి చేతికిచ్చాము.